సేవకు పూచీ యెవరిది?

మనవారికి సేవ యనిన మాట పరమ పవిత్రమైనది. ఉపన్యాసవేదికలమీద అది వినబడని దినము లేదు. సంఘముల పేళ్లలో అది చేరని పేరరుదు. వరద వచ్చినను, జాతర జరిగినను, అన్నదానము తలపెట్టినను, దిక్కులేని పిల్లలకు చదువు చెప్పవలసి వచ్చినను, పిలుపు వినినంతనే పరుగెత్తివచ్చు యువకులును, గృహిణులును, ఉద్యోగము విరమించిన పెద్దలును మన యూళ్లలో ఇంకను గలరు. ఇది మన భాగ్యము. కాని పిలిచిన సంఘములు వచ్చినవారి మేలుకీడులను గూర్చి యెంతవఱకు చింతించుచున్నవి? చేతికి పని యిచ్చుటకు ముందు ఆ పనిలో ఏ యపాయమున్నదో యొకమాఱైన లెక్కించుచున్నవా? సేవకు వచ్చినవారివలన సేవ పొందువారికి కీడు కలుగకుండ ఏ కట్టుబాటు చేసికొనుచున్నవి? ఈ ప్రశ్నలడిగిన వానిని సత్కార్యమునకు అడ్డుపడువానిగా చూచుట మనలో ఆచారమైనది. ఆ నిందకు సిద్ధపడియే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలో సింగునగరము మొదలగు పేటలను ముంచివేసిన సంగతి చదువరులు మఱచియుండరు. నీరు తీసిన తరువాత ఇండ్లలో నిలిచిన బురద నెత్తిపోయుటకు మేమెఱిగిన సంఘమొకటి కుఱ్ఱవాండ్రను గుమిగూర్చి లారీలో పంపినది. వారిలో మా పొరుగింటి పిల్లవాడొకడు. చెప్పులు బురదలో ఊడిపోవుచున్నవని వానిని గట్టున విడిచి, వట్టికాళ్లతో దిగినాడు. విఱిగిన రేకొకటి అరికాలిలో దిగబడినది. పిల్లవాడు గుడ్డ చుట్టుకొని సాయంకాలము దాక పనిచేసినాడు. గాయము చీముపట్టినది, జ్వరము వచ్చినది, పండ్రెండు దినములు ఆసుపత్రిలో నుండవలసి వచ్చినది. తల్లి మెడలోని గొలుసు తాకట్టు దుకాణమునకు పోయినది. నెల తిరిగిన పిమ్మట సంఘమువారు సభ చేసి, వానికి శాలువ కప్పి, జ్ఞాపిక చేతబెట్టి, ఛాయాచిత్రము తీయించిరి. సభ ముగిసిన తరువాత ఆ తల్లి కార్యదర్శిగారి యొద్దకు పోయి, "అయ్యా, ఈ శాలువకు సంతోషమే. కాని వీనిని లారీ యెక్కించిన నాడు కాళ్లకు బూట్లున్నవా యని మీలో ఒక్కరైన చూచినారా?" అని యడిగినది. కార్యదర్శిగారు చెడ్డవారు కారు. తమ సొంత ధనమును గూడ ఆ వరదబాధితులకు వ్యయపఱచినవారు. ఆయన నొచ్చుకొని, "అమ్మా, మేమెవరిని బలవంతపెట్టలేదు గదా. అబ్బాయి తానై వచ్చినాడు" అని బదులు చెప్పిరి.

"తానై వచ్చినాడు." ఈ రెండు మాటల వెనుకనే మన సంఘములలో పెక్కు దాగియున్నవి. ఇవి న్యాయమునకు నిలుచునో నిలువవో పరీక్షింతము.

ఒక మేస్త్రీ కూలివానిని పరంజా యెక్కించినాడనుకొందము. వాడు జాఱిపడి కాలు విఱుగగొట్టుకొన్నచో "వాడు తానై పనికి వచ్చినాడు" అని మేస్త్రీ తప్పించుకొనలేడు. పనివారి నష్టపరిహారపు చట్టము 1923లోనే పుట్టినది. దాని సారమిప్పుడు 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో చేరినది. జీతమునకు పనిచేయువాని గాయమునకు పనిచేయించువాడు బదులు చెప్పవలెనని మన దేశపు శాసనము నూఱేండ్ల క్రిందటనే యంగీకరించినది. ఆ చట్టపు నీడ జీతగాని కొఱకే గాని జీతము వలదన్నవాని కొఱకు గాదు. అనగా కూలి యడిగినవానికి రక్షణ కలదు. కూలి పుచ్చుకొనక పనిచేసినవానికి శాలువ కలదు!

చట్టము చూడని చోట ధర్మము చూడవలెను. కూలివానికి పని ప్రమాదకరముగా తోచినచో హెచ్చు కూలి యడుగును; లేదా రానని చెప్పును. సేవకు వచ్చినవాడు బేరమాడడు. "ఇది చేయలేను" అని చెప్పుటకు సిగ్గుపడును, పిఱికివాడందురని జంకును, పెద్దలు పంపినారు గదా, వారన్నియు నాలోచించియుందురని నమ్మును. ఆ నమ్మకమే వాని చేతిలోని పత్రము. బేరమాడువాడు తన్ను తాను కాచుకొనును. బేరమాడనివానిని పిలిచినవాడే కాచుకొనవలెను. కావున తానై వచ్చినవాని యెడల మన పూచీ తగ్గదు; పెరుగును. నేను చెప్పవచ్చినది ఇంతియే. తక్కినదంతయు దీనికి వివరణము.

అపాయమనగానే వరదలు, తుపానులు జ్ఞప్తికి వచ్చును. అంత దూరము పోనక్కఱలేదు. అన్నదానము జరుగుచోటి వంటశాలకు పోయి చూడుడు. ఇంటిలో ఆఱుగురికి అన్నము వార్చు నైపుణ్యము గల గృహిణి, అయిదువందలమందికి వండు గుండిగ ముందు నిలిచినప్పుడు ఆ నైపుణ్యము చాలదు. గాడిపొయ్యి మంట ప్రక్కలకు గాలివాటున వచ్చును. జాఱుచున్న కొంగు దానికి ఎంత దూరము? ఇద్దఱు చెఱియొక ప్రక్క మసిగుడ్డతో పట్టుకొని గంజి వార్చునప్పుడు ఒకరి కాలు జాఱినచో రెండవవారి గతియేమి? నేలయంతయు కూరగాయల తొక్కలును నీళ్లును. వడ్డనకు ఉత్సాహపడి వచ్చిన పదేండ్ల పిల్లవాని చేతికి మరుగుచున్న సాంబారు బకెట్టు నిత్తురు. బంతిలో కూర్చున్నవారి తలలమీదుగా అది పోవుచుండును. వంటగ్యాసు బండలు పొయ్యికి మూరెడు దూరములో నిలిచియుండును. ఏదేని జరిగినప్పుడు ఒకరు సిరా పూయుమందురు, మఱియొకరు పండ్లపొడి పిండి తెమ్మందురు. కాలినచోటను చల్లని నీటిధారక్రింద ఇరువది నిమిషములుంచి వైద్యుని యొద్దకు తీసికొనిపోవలెనని తెలిసినవారు ఆ పందిటిలో ఒక్కరైన నుందురా? చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట మన సామెత మాత్రమే గాదు. మన సేవాసంఘముల పరిపాలనాపద్ధతియు నదియే.

వీనిలో దేనిని నివారించుటకును లక్షలు వలయునా? నూలుచీర కట్టి కొంగు దోపుకొని రమ్మని ముందునాడు చెప్పుటకు ఖర్చు లేదు. పొయ్యికిని వడ్డనకును నడుమ ఒక త్రాడు కట్టి, పిల్లలు దానిని దాటరాదనుటకు ఖర్చు లేదు. నడుచు దారి తుడిపించుటకు, రెండు నీళ్లబకెట్లు ప్రక్కనుంచుటకు, ఎవరు దేనిని మోయవలెనో నిర్ణయించుటకు కావలసినది ధనము గాదు, ఆలోచన.

ఇక వరద సంగతి. 2018 ఆగస్టులో కేరళము వరదపాలయినప్పుడు వేలకొలది జనులు బురదలో దిగి ఇండ్లు కడిగిరి. వెంటనే ఎలుకజ్వరము తలయెత్తినది. ఎలుకల మూత్రము కలిసిన నీటినుండి కాలిపగుళ్లగుండ, చిన్న గాయములగుండ ఆ వ్యాధి మనుష్యునిలో ప్రవేశించును. ఆ రాష్ట్ర ఆరోగ్యశాఖవారు, నీటిలో దిగి పనిచేయువారందఱు వారమున కొకమాఱు డాక్సీసైక్లిన్ మాత్రలు పుచ్చుకొనవలెనని ప్రకటించి పంచిపెట్టిరి. మిక్కిలి చవుకయైన మందు, మోకాలిదాక వచ్చు రబ్బరు బూట్లు, చేతితొడుగులు, ధనుర్వాతపు సూది యెప్పుడు వేయించుకొన్నావను ఒక్క ప్రశ్న. మా పొరుగింటి తల్లి అడిగినది దీనికంటె ఎక్కువ కాదు. దేహమునకే కాదు, మనస్సునకును గాయములు కలుగును. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమ శవములదిబ్బయైనప్పుడు ఆ శవములను మోసి దహనము చేసినవారిలో మీసమైన మొలవని పడుచువారు గలరు. ఇంటికి వచ్చి అన్నము సహింపక, నిద్రపట్టక యుండువారిని పలుకరించుట గూడ పంపినవారి విధియని మనకెన్నడైన తోచినదా?

ఇంతవఱకు సేవకునకు కలుగు అపాయమును చెప్పితిని. సేవకునివలన కలుగు అపాయము ఇంతకంటె గుట్టుగా నుండునది, కావుననే ఘోరమైనది.

మన పట్టణములలో ఇప్పుడొక వేడుక ప్రబలినది. పుట్టినరోజు వచ్చినచో అనాథశరణాలయమునకు పోయి, అచ్చటి పిల్లలకు మిఠాయిలు పంచి, వారి నడుమ నిలిచి ఛాయాచిత్రములు తీయించుకొనుట. ఉద్దేశము మంచిదే. కాని వచ్చినవారెవరు, ఎందుకు వచ్చిరి, ఏ గదిలోనికి పోవుచున్నారు, ఏ పిల్లను ఒంటరిగా పిలుచుచున్నారు అని యడుగువారు లేరు. విరాళమిచ్చిన చేతికి అన్ని తలుపులును తెఱచుకొనును. ఆదివారము పాఠము చెప్పెదనని వచ్చినవాని పేరు తప్ప ఊరు తెలియదు. అయినను "చదువుకొన్నవాడు, మర్యాదస్థుడు" అని తాళములిత్తురు.

ఈ సందర్భమున తెలుగువారు గర్వింపదగిన యొక కథ జ్ఞప్తికి వచ్చుచున్నది. 1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు అచ్చటి ఖద్దరు ప్రదర్శనశాల వాకిట స్వచ్ఛంద సేవికగా పదునాలుగేండ్ల బాలిక నిలిచియుండినది. టిక్కెట్టు లేనివారిని లోనికి పోనీయరాదని ఆమెకు ఆజ్ఞ. జవహరులాలు నెహ్రూ వచ్చిరి, టిక్కెట్టు లేదు, ఆ బాలిక ఆపివేసినది. నిర్వాహకులు కోపపడిరి. మీరు చెప్పినదే చేసితినని ఆమె చెప్పినది. టిక్కెట్టు కొన్న తరువాతనే ఆయనను లోనికి పోనిచ్చినది. నెహ్రూయును ఆమెను మెచ్చుకొనిరి. ఆ బాలికయే తరువాత ఆంధ్ర మహిళాసభను స్థాపించిన దుర్గాబాయి. ఈ కథను మనము ధైర్యమునకు ఉదాహరణముగా పిల్లలకు చెప్పుచుందుము. నాకిందులో మఱియొక నీతి కనబడుచున్నది. ఆమె ధైర్యమునకు ఆధారము స్పష్టమైన ఆజ్ఞ. ఎవరిని పోనీయవలెనో, ఎవరిని ఆపవలెనో ఆమెకు ముందుగా చెప్పబడినది. ఖద్దరు గుడ్డలున్న సాలకు ఆ కాపలా యున్నది. తల్లిదండ్రులు లేని పసిపిల్లలున్న ఇంటికి మన మీనాడు ఆ కాపలాయైన నుంచుట లేదు.

చట్టము మాత్రము నిద్రించుటలేదు. పిల్లలను లైంగికాపరాధములనుండి కాపాడుటకు 2012లో వచ్చిన శాసనము ప్రకారము, అట్టి నేరము జరిగినదని యెఱిగిన ప్రతివాడును తెలియజేయవలెను. తన క్రిందివారు చేసిన నేరమును దాచిన సంస్థాధిపతికి ఒక సంవత్సరము వఱకు కారాగారశిక్ష పడవచ్చును. పనిచేయుచోట స్త్రీలను వేధింపులనుండి కాపాడుటకు 2013లో వచ్చిన శాసనము, జీతము లేక స్వచ్ఛందముగా పనిచేయు స్త్రీని గూడ తన రక్షణలోనికి తెచ్చినది. సంఘములును, ధర్మనిధులును దానికి లోబడినవే. పదిమందియు అంతకు మించియు పనిచేయుచోట విచారణసంఘ ముండితీరవలెను. మన సేవాసంఘముల గోడలమీద దాతల పేళ్లు చలువఱాతిపై చెక్కబడియున్నవి. ఆడపిల్ల తన కష్టమును ఎవరితో చెప్పుకొనవలెనో తెలుపు చీటీ యెన్ని గోడలమీద నున్నది?

ధనము సంగతి చెప్పి విసిగింపను. ఒక్కని చేతికి హుండీ నిచ్చి, లెక్క అడుగకుండుట వానిని గౌరవించుట కాదు. వానిని ప్రలోభమునకును, లోకాపవాదమునకును ఒప్పగించుట. ఇద్దఱు కలిసి లెక్కించి ఇద్దఱును సంతకము చేసినచో దొంగకు భయము, దొరకు రక్ష.

దీనికి మావారు చెప్పు ఆక్షేపణలు మూడు. "సేవకు వచ్చినవానిని ఊరు, పేరు, నడవడి అని విచారించుట అవమానము, దానముగా వచ్చిన ఆవునకు పండ్లెంచుదుమా?" అని మొదటిది. ఆవునకు పండ్లెంచకున్నను, దానిని పసిబిడ్డ ఊయెల ప్రక్కన కట్టుటకు ముందు అది పొడుచునా యని యడుగని తల్లి యెవరు? ఆడపిల్ల నిచ్చుటకు ముందు ఏడు తరములు విచారించు మనము, ముప్పదిమంది పిల్లల నిచ్చునప్పుడు ఒక్క ప్రశ్న వేయుటకు మొగమాటపడుచున్నాము. పైగా విచారణ అందఱికిని సమానమైనచో అది యెవరికిని అవమానము గాదు. అధ్యక్షులవారి బావమఱదికి మినహాయింపు ఇచ్చిననాడే అది తక్కినవారికి అవమానమగును. యోగ్యుడు సంతోషముతో బదులు చెప్పును. నొచ్చుకొని వెడలిపోవువానిని పోనిచ్చుటయే మేలు.

"ఈ బూట్లకును, భీమాలకును వ్యయము చేసినచో దాతలు మా ధనము పేదలకు చేరలేదందురు" అని రెండవది. సభకు పూలమాలలు, శాలువలు, జ్ఞాపికలు, పందిరి, ధ్వనివర్ధకములు, వీనికైన వ్యయము ఏ పేదవానికి చేరినది? దాతలు దాని నెన్నడు నడుగలేదే! ఒక్క సభకు కొన్న శాలువల వెలతో ఆ లారీలోని కుఱ్ఱవాండ్రకు బూట్లు వచ్చియుండును.

"మంచిపనికి పోయినవానిని దేవుడే కాపాడును" అని మూడవది. పుణ్యమునకు పోగా పాపమెదురైనదను సామెతయు మన పెద్దలదే. దేవుని మనకు వంటవానిగాను, వైద్యునిగాను, కావలివానిగాను నియమించుకొని మనము వేదికమీద కూర్చుండుట భక్తి కాదు, సోమరితనము.

మఱి చేయవలసినదేమి? పని మొదలిడుటకు ముందు, దానిని మున్ను చేసినవారిని పిలిచి, ఇందులో ఏమేమి చెడవచ్చునని యడిగి, ఒక కాగితముమీద వ్రాసికొనవలెను. ప్రతిదానికిని ఎదుట దాని నివారణమును, దానికి బాధ్యుని పేరును వ్రాయవలెను. బాధ్యుడు లేని జాగ్రత్త గోడమీది వ్రాత వంటిది. వచ్చినవారి పేరు, వయస్సు, ఇంటివారి దూరవాణి సంఖ్య, వారికున్న జబ్బులు వ్రాసికొనవలెను. పదునెనిమిదేండ్లు నిండనివారిని తల్లిదండ్రుల సమ్మతి లేక చేర్చుకొనరాదు; చేర్చుకొన్నను నీటిలోనికి, నిప్పుదగ్గఱకు పంపరాదు. పిల్లల యొద్ద ఏ పెద్దవాడును ఒంటరిగా నుండరాదు. ఎల్లప్పుడు రెండవ పెద్ద కంటికి ఆనుచుండవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, "ఈ పని అపాయకరము, ఆపుడు" అని యెవరన్నను పని ఆగవలెను. అన్నవాడు పిఱికియని హాస్యము చేయబడరాదు.

శిక్షణము లేని దయ చాలదని ప్రపంచమునకు తెలిసి చాలకాలమైనది. 1859లో సాల్ఫెరీనో యుద్ధభూమిలో క్షతగాత్రులను చూచి కరగిన హెన్రీ డ్యూనాంటు, 1862లో ప్రకటించిన గ్రంథములో కోరినదేమనగా, శాంతికాలముననే సంఘములు కట్టి, సేవకులను ముందుగా సిద్ధపఱచియుంచవలెనని. దానినుండియే రెడ్‌క్రాసు పుట్టినది. మన దేశముననే జాతీయ విపత్తు నిర్వహణసంస్థవారు 2016లో ఆపదమిత్ర పథకమును ప్రారంభించి, వరదలు వచ్చు జిల్లాలలో సామాన్యజనులకు రక్షణవిద్య నేర్పి, సామగ్రి నిచ్చి, పిమ్మట ఆ పథకమును 350 జిల్లాలలో లక్షమందికి విస్తరింపజేసి, వారికి భీమా సదుపాయమును గూడ కూర్చిరి. ప్రభుత్వము చేయుచున్న దానిని సంఘము తన శక్తికొలది చేయరాదా?

భీమా మాట వచ్చినది గనుక చెప్పుచున్నాను. ప్రధానమంత్రి సురక్షా భీమా యోజనమున 18 మొదలు 70 ఏండ్ల వఱకు వయస్సు గలవారికి సంవత్సరమునకు 20 రూపాయలు చెల్లించినచో, ప్రమాదమువలన మరణించినను, పూర్తిగా అంగవైకల్యము కలిగినను రెండు లక్షల రూపాయలు వచ్చును. బ్యాంకులోనో తపాలాకచేరీలోనో పొదుపుఖాతా యుండిన చాలును. ఇది ఆసుపత్రి ఖర్చుల నీయదు, జబ్బులకు వర్తింపదు. కావున శక్తిగల సంఘములు తమ సేవకులందఱికిని కలిపి ప్రత్యేకముగా ప్రమాదభీమా తీసికొనవలెను. శక్తిలేనివి చికిత్సకై కొంత నిధిని వేఱుగా నుంచవలెను. కాని 20 రూపాయల పని యైన చేయని సంఘమునకు మన బిడ్డలను పిలుచు అర్హత యెక్కడిది?

సోదరీమణులారా, ఈ మార్పు సభలలోని తీర్మానములవలన రాదు. మీ గడపలయొద్ద రావలెను. మీ బిడ్డ సేవకు పోవుదునన్నప్పుడు వలదనకుడు. అట్టి బిడ్డను గన్నందుకు సంతోషింపుడు. కాని పిలువవచ్చినవారిని మూడు ప్రశ్నలడుగుడు: వీడు చేయబోవు పనియేమి? అందులో అపాయమేమి? దెబ్బ తగిలినచో చూచువారెవరు? విరాళమునకు వచ్చినవారిని గూడ ఇవే యడుగుడు. బదులు చెప్పగలిగినవారికి మునుపటికంటె హెచ్చుగా నిండు. నాలుగిండ్లలో ఈ ప్రశ్నలు వినబడినచో అయిదవ యింటికి వచ్చునప్పటికి కార్యదర్శిగారి సంచిలో బదులు సిద్ధముగా నుండును.

మా పొరుగింటి పిల్లవాడు లేచి తిరుగుచున్నాడు. మరల వరద వచ్చినచో పోవుదుననియే చెప్పుచున్నాడు. వాని మనస్సు అంత గొప్పది. తల్లి ఆ శాలువను పెట్టెలో దాచినది. గొలుసు మాత్రము ఇంకను విడిపింపలేదు. మరల లారీ వచ్చినప్పుడు వాని కాళ్లకు బూట్లుండునా?